కడపలో కొన్న విక్టోరియా చాకు, చీనీకాయ చెప్పిన నిజం

కడపలో 3,200 రూపాయలు పోగొట్టుకుని వచ్చాను. అందుకే ఇది రాస్తున్నా. అనంతపురం నుంచి తాడిపత్రి, గండికోట మీదుగా కడప, అక్కడి నుంచి పులివెందుల దారిలో తిరిగి ఇంటికి. మూడు రోజులు. నేను, మా ఆవిడ, మా బామ్మర్ది. కారు బామ్మర్దిది, డీజిల్ ఖర్చు 3,400 నాది.

మొదటి రోజుకు వంక పెట్టడానికి ఏమీ లేదు. తాడిపత్రిలో ఉగ్గాని బజ్జీ ముగ్గురికి 150, చింతల వెంకటరమణస్వామి గుడిలో రాతి రథం, పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడు. సాయంత్రానికి గండికోట. గుడారానికి 1,500. లోయ అంచున నిలబడి పెన్నను చూస్తుంటే వాన పట్టుకుంది.

ఆ వానలో నా ఒపినెల్ మడత చాకు బిగుసుకుపోయింది. జేబు చాకులు పోగుచేయడం నాకు పద్దెనిమిదేళ్ల అలవాటు, ఎక్కడికి పోయినా రెండు మూడు వెంట ఉంటాయి. ఒపినెల్‌ను ఫ్రాన్సులోని సవోయ్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ 1890లో మొదలుపెట్టాడు. నాది 8వ నంబరు, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల అలుగు, బీచ్ కర్ర పిడి. మెడ దగ్గర తిరిగే ఉక్కు కట్టు 1955లో చేర్చారు. దాన్ని తిప్పితే చాకు వేళ్ల మీద మూసుకోదు. కర్ర కదా, తేమ తాగితే ఉబ్బుతుంది. అనంతపురం ఎండకు వదులుగా ఆడేది ఇక్కడ గోరు పెట్టి లాగినా రాలేదు. పిడి చివరను బండకేసి రెండు దెబ్బలు వేస్తే అలుగు ముక్కు బయటికి వచ్చింది. సవోయ్ రైతులు చేసేదీ అదే. తడి ఊళ్లకు పోయేవాళ్లకు ఒపినెల్ వద్దంటాను. మన సీమకు మాత్రం దీన్ని మించింది లేదు.

కడపలో బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగాం. గదికి 1,600, బామ్మర్దికి అదనపు పరుపు 400. ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్లన్నారు, పొద్దున పావుగంట వచ్చి ఆగిపోయాయి. దుప్పట్లు ఎవరో కప్పుకుని మడిచిపెట్టినవే. మా ఆవిడ రాత్రంతా కుర్చీలో కూర్చుంది. కడపలో గది తీసుకునేవాళ్లు డబ్బు కట్టకముందే స్నానాల గదిలో కుళాయి తిప్పి చూడండి, దుప్పటి విప్పి చూడండి. మొహమాటం వద్దు.

ఆ లాడ్జి కౌంటరు మనిషే నా ఇంకో చాకు, అమెరికా కేస్ కంపెనీది, చూసి, పాత సామాన్ల అంగడి ఒకటుందని చెప్పాడు. అతనికి కమీషన్ ముట్టి ఉంటుందని నా అనుమానం. అంగడివాడు డ్రాయరు లాగి, గుడ్డ విప్పి, జోసెఫ్ రాడ్జర్స్ అనే పాత ఇంగ్లీషు కంపెనీ చాకు ఒకటి చూపించాడు. నాకు నోట మాట రాలేదు.

మా జేజినాయన దగ్గర రాడ్జర్స్ ఉండేది. ఎనుము కొమ్ము పిడి, నక్షత్రం, శిలువ ముద్ర. ఇంగ్లండులో చాకులకు పేరుపడ్డ షెఫీల్డులో ఆ ముద్ర 1682 నుంచి ఉంది. దానితోనే జంబేరి నిమ్మ మొక్కకు చీనీ (బత్తాయి) కన్ను అతికి అంటు కట్టేవాడు, దానితోనే కాయ కోసి మా చేతుల్లో పెట్టేవాడు. ఆయన పోయాక ఆ చాకు ఏమైందో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లలో ఎన్ని చాకులు కొన్నా ఆ ఒక్కటి దొరకలేదు.

అంగడిలో ఒకే బల్బు, అదీ మసిబారింది. ముద్ర పక్కన వి.ఆర్. అని అక్షరాలున్నాయి, అంటే విక్టోరియా రెజీనా, విక్టోరియా రాణి. విక్టోరియా రాణి కాలం సరుకని అంగడివాడు చెప్పకముందే నేనే అన్నాను. 5,000 అన్నాడు, 3,200కి దిగాడు. "బావా, పొద్దున వెలుతురులో చూసి కొందాం" అని బామ్మర్ది చేయి పట్టుకున్నాడు. నేను వినలేదు. బిల్లు అడిగితే, "పాత సామానుకు బిల్లేంది సార్" అన్నాడు. ఆ మాటకైనా నేను లేచి వచ్చేయాల్సింది.

పొద్దున తిన్న కారం దోశ మాత్రం బ్రహ్మాండం. ఒక్కోటి 70. నెయ్యి, ఎర్రకారం, పప్పులపొడి. మా ఆవిడ నోరు విప్పి మాట్లాడింది ఆ దోశ దగ్గరే, అదీ ఇంకొకటి చెప్పమని.

పులివెందుల దాటాక రోడ్డు పక్కన చీనీకాయల కుప్ప కనపడింది. కిలో 40, రెండు కిలోలు తీసుకున్నాం. ఒక కాయ రాడ్జర్స్‌తో కోశాను, ఇంకొకటి ఒపినెల్‌తో. తిని, తొక్కలు పారేసి, చేతులు కడుక్కునేసరికి ఒపినెల్ అలుగు మీద నీలం నలుపు మచ్చలు తేలాయి. అది మామూలు కార్బన్ ఉక్కు, పులుపు తగిలితే నల్లబడుతుంది. రాడ్జర్స్ గిన్నెల అంగట్లో చెంచాలా తళతళ మెరుస్తోంది.

జేజినాయన చాకు ఎప్పుడూ నల్లగానే ఉండేది. నల్లబడనిది స్టెయిన్‌లెస్. షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుప్పు పట్టని ఉక్కు కరిగించింది 1913లో. విక్టోరియా పోయింది 1901లో. ఆమె అక్షరాలు ఈ ఉక్కు మీదికి ఎలా వస్తాయి? ఎండలో పట్టుకుని చూస్తే ముద్ర పైపైన కాల్చినట్టుంది. నా కేస్ పక్కన పెట్టి చూశాను. కేస్ వాళ్లు 1970 నుంచి పేరు కింద పది చుక్కలతో మొదలుపెట్టి ఏడాదికొకటి తగ్గించారు. నాదానికి నాలుగున్నాయి, అంటే 1976. వేలితో తడిమితే ఒక్కో చుక్క గుంటలా తగులుతుంది. ఈ రాడ్జర్స్ ముద్ర మీద ఏదీ తగలదు. సూది కాల్చి పిడికి ఆనిస్తే వెంట్రుకలు కాలిన వాసన రావాలి, అది కొమ్ము అయితే. ప్లాస్టిక్ కంపు వచ్చింది.

మా ఆవిడ ఏమీ అనలేదు. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

ఇంకో పల్లెలో కొలిమి కనపడితే బామ్మర్దే కారు ఆపాడు. కమ్మరి పెద్దాయన ఆకురాయి తీసి రాడ్జర్స్ అలుగు అంచున ఒక్కసారి లాగాడు. గట్టి ఉక్కయితే ఆకురాయి జారాలి. అది జారలేదు, కొరికింది. "ఇది నీళ్లు తాగిన ఇనుము గాదు సామీ. కాయ కోస్తాది, కొమ్మ కోయదు" అన్నాడు. కాల్చి నీళ్లలో ముంచి గట్టిపరచలేదని అర్థం. ఒపినెల్ మీద లాగితే జారిపోయింది. దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, అడగకుండానే సాన పట్టి ఇచ్చాడు. 50 తీసుకున్నాడు, 100 ఇస్తే తిరిగి ఇచ్చేశాడు.

జేజినాయన దానిలా మొక్కలకు అంట్లు కట్టే చాకు చేస్తావా అని అడిగాను. లారీ కమాను పట్టీ ఉక్కుతో చేస్తానన్నాడు, 450. పిడికి ఎనుము కొమ్ము మేమే తెచ్చుకోవాలట. మడత పెట్టేది కుదరదు, ఒరలో పెట్టుకునేదే. అలుగు ఎంత పొడవు, ముక్కు ఎటు వంగాలి అని నేను నేల మీద గీసి చూపిస్తుంటే, మా ఆవిడ కారు దిగి వచ్చి 200 బయానా తన పర్సులోంచి తీసి ఆయన చేతిలో పెట్టింది. పదో తారీఖు తర్వాత రమ్మన్నాడు.