పర్లాకిమిడి వీధిగోడపై సవర చిత్రాలు: ఒక బృందం పనితీరుపై సమీక్ష

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి గ్రంథాలయం ప్రహరీగోడకు ఇక్కడి కొండల్లోని సవర గిరిజనుల శైలిలో బొమ్మలు వేయించాలని చందాలు పోగుచేసి, కొండ గ్రామాల నుంచి వచ్చే ఒక చిత్రకార బృందానికి పని అప్పగించాం. ఇటువంటి పని తలపెట్టే ఇతర వీధులవారికి ఉపయోగపడుతుందని ఈ వివరాలు రాస్తున్నాను.

రంగుల డబ్బా తెరవకముందే వారు మాతో కూర్చొని ఒక విషయం తేటతెల్లం చేశారు. ఇంటి లోపలి గోడకు ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండి నీళ్లలో ముంచిన వెదురుపుల్లతో గీసే ఇడితాల్ దేవతలకూ పితరులకూ సమర్పించే పూజారూపమని, దానిని ఉన్నదున్నట్లు వీధిగోడ మీదికి తేలేమని, ఆ శైలిలో వేరే చిత్రం వేస్తామని చెప్పారు. 2024లో లాంజియా సవర (సవరల్లో ఒక తెగ) చిత్రకళకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చాక గిరాకీ పెరిగిన ఈ రోజుల్లో కూడా వారు ఆ హద్దు పాటించడం నాకు అన్నిటికన్నా నచ్చింది.

ముందు చుట్టూ అంచు గీసి, అక్కడి నుంచి లోపలికి నింపుకుంటూ వచ్చారు. మహారాష్ట్ర గిరిజనుల వార్లీ బొమ్మల్లో కనిపించే పదునైన త్రికోణాలు ఇందులో ఉండవు. మనుషులు సన్నగా, పొడవుగా సాగి ఉంటారు, ఆడా మగా తేడా దాదాపు తెలియదు. అంచుల్లోని గీతలను వీధి పిల్లలచేత ఓపికగా వేయించారు.

ఈ ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకొని, సవర పిల్లలకు బడులు పెట్టి, 1931లో ఆ భాషకు వ్యాకరణం వెలువరించిన గిడుగు రామమూర్తి గారిని కూడా చిత్రంలో చేర్చమని పెద్దలు కోరారు. పోలికలు తెలిసేలా ముఖం గీయడం ఈ శైలికి పొసగదని చెప్పి, చెట్టుకింద పిల్లల నడుమ పుస్తకం పట్టుకున్న ఒక సన్నని ఆకారాన్ని వేశారు. పేరు రాయకపోయినా మా వీధిలో అది ఎవరో అడిగినవారు లేరు. గోడ మొత్తంలో నాకు అత్యంత ఇష్టమైన భాగం అదే.

లోపాలూ ఉన్నాయి. గోడ అడుగున చెమ్మ ఉందో లేదో చూడకుండానే అక్రిలిక్ రంగు వేయడంతో తొలి వానలకే కింది వరుస పెచ్చులూడింది. కబురు పంపితే వచ్చి, రంగుల ఖర్చు మాత్రమే తీసుకొని సరిదిద్దారు. చిత్రకారుల పేర్లు మేము అడిగేదాకా గోడపై లేవు. ఇప్పుడు అవి ఒడియాలో, తెలుగులో, సవర భాష కోసం 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపిలో ఉన్నాయి. ఒప్పందం నాడే ఈ షరతు పెట్టుకోవడం మంచిది.

ధర చదరపు అడుగు లెక్కన, రంగులతో కలిపి చెబుతారు. పరంజా ఖర్చు విడిగా మనమే భరించాలి. గోడకు మరమ్మతులు ముందే చేయించి, వానలు పూర్తిగా వెనకబట్టాక, కార్తీకం దాటిన తరువాత పని మొదలుపెట్టించండి.