ట్రూనాట్‌తో ఐదేళ్లు: ఒక ల్యాబ్ టెక్నీషియన్ అనుభవం

మా పీహెచ్‌సీకి కొండ ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు తిరుగు బస్సు మధ్యాహ్నం మూడింటికి. అది తప్పితే మళ్లీ మర్నాడే. టీబీ పరీక్షకు మైక్రోస్కోప్ ఒక్కటే ఉన్న రోజుల్లో తెమడ ఇచ్చి వెళ్లినవాళ్లు రిపోర్టు కోసం ఇంకోసారి రావాల్సి వచ్చేది. ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ పడుతుంది. కొందరు రానేరారు. పాజిటివ్ స్లైడ్ నా చేతిలో ఉండేది, మనిషి దొరికేవాడు కాదు. ఇప్పుడు తొమ్మిదింటికి తెమడ ఇస్తే పదకొండులోపు ఫలితం చెప్పేస్తున్నాను. తెమడలో టీబీని పట్టే ఈ ట్రూనాట్ మెషీన్ మీద నాకున్న ఇష్టమంతా అక్కడి నుంచి వచ్చిందే.

బెంగళూరులోని బిగ్‌టెక్, గోవాలోని మోల్‌బయో కంపెనీలు కలిసి తెచ్చిన మెషీన్ ఇది. టీబీ గుర్తించడానికి వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సిఫారసు చేసింది. నేను మొదట వాడింది మాత్రం అదే ఏడాది, కోవిడ్ టెస్టులకు. తర్వాత మెషీన్‌లో పెట్టే చిప్ మార్చి టీబీకి వాడటం మొదలుపెట్టాం. పీసీఆర్ అంటే వేడి చేస్తూ, చల్లారుస్తూ డీఎన్ఏ కాపీలు పెంచి పట్టుకోవడం. పెద్ద ల్యాబులో గది నిండా సరంజామా కావాల్సిన ఆ పని ఇక్కడ వేలెడంత చిప్‌లోని చిన్న గుంటలో జరుగుతుంది. అందులో పట్టేది 6 మైక్రోలీటర్లే. అంత కొంచెం ద్రవం కాబట్టి ఇట్టే వేడెక్కుతుంది, ఇట్టే చల్లారుతుంది. అందుకే చిప్ పెట్టాక టీబీ ఫలితం నలభై నిమిషాల్లోపే వస్తుంది. బ్యాటరీ ఉంది కాబట్టి కరెంటు పోయినా టెన్షన్ లేదు.

అయితే చిప్ దాకా రావడానికి చేతిపని చాలా ఉంది. ఈ మెషీన్‌ని పొగిడేవాళ్లు ఆ సంగతి చెప్పరు. తెమడలో బఫర్ అనే ద్రవం వేసి పలచబరచాలి. దాన్ని కార్ట్రిడ్జ్‌లో పోసి డీఎన్ఏ తీసే మెషీన్‌లో పెడితే ఇరవై నిమిషాలు. బయటికొచ్చిన ద్రవంలో 6 మైక్రోలీటర్లు పైపెట్‌తో (బొటనవేలితో నొక్కి ద్రవాన్ని కొలిచి తీసే గొట్టంతో) తీసి, ఎండబెట్టిన రీఏజెంట్ (పీసీఆర్‌కి కావాల్సిన రసాయనాలు) ఉన్న బుల్లి ట్యూబులో వేయాలి. అది తేటగా అయ్యేదాకా అర నిమిషమో నిమిషమో ఆగాలి. ఊపకూడదు, వేలితో తట్టకూడదు. తర్వాత అందులోంచే మళ్లీ 6 మైక్రోలీటర్లు తీసి చిప్ గుంట మధ్యలో వదలాలి. పైపెట్ కొన గుంట అడుగుకు గీసుకోకూడదు. చుక్క అంచు దాటకూడదు. మొదటి నెలల్లో నా బొటనవేలు తొందరపడి గాలిబుడగ వెళ్లిపోయేది, మెషీన్ ‘ఇన్‌వ్యాలిడ్’ అనేది. ఒక చిప్ దండగ, బెంచీ మీద కూర్చున్న మనిషికి ఇంకో గంట. ఇప్పటికీ ఆ చుక్క వదిలేటప్పుడు ఊపిరి బిగబడతాను. అప్పుడు ఎవరైనా పలకరించినా జవాబివ్వను.

చిప్ పౌచ్‌లు 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో మా గది ఆ లెక్కలో ఉండదు, అందుకే ఫ్రిజ్‌లో పెడతాను. అయితే తీసిన వెంటనే చింపకూడదు, చల్లదనం పోనివ్వాలి. లేకపోతే చెమ్మ పడుతుంది.

ఇంక తెమడ సంగతి. నోట్లోని ఉమ్మి పట్టుకొస్తే ఎంత మంచి చిప్ అయినా ఏం చేస్తుంది? "తాతా, ఉమ్మి కాదు, గుండెల్లోంచి దగ్గి తియ్యి" అని పక్కన నిలబడి చెప్పి దగ్గిస్తాను. దీనికి పెట్టిన పది నిమిషాలు ఏనాడూ వృథా కాలేదు.

మైక్రోస్కోప్‌లో కనబడాలంటే మిల్లీలీటరు తెమడలో వేలకొద్దీ బ్యాక్టీరియా ఉండాలి. చిప్‌కి వందల్లో ఉన్నా చాలు. నలభై ఏళ్ల ఒకామె రెండు నెలలుగా దగ్గుతోంది, స్లైడ్ రెండుసార్లు నెగెటివ్. చిప్ మీద ‘డిటెక్టెడ్, వెరీ లో’ అని వచ్చింది. తీసి ఉంచిన డీఎన్ఏతోనే టీబీకిచ్చే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో చూసే చిప్ కూడా పెట్టాను. దానికి ఇంకో గంట పట్టింది. ఆ మందు పనిచేస్తుందని తేలాక డాక్టరుగారు చికిత్స మొదలుపెట్టారు. ఆమె మూడింటి బస్సుకే మందులతో ఇంటికెళ్లింది. స్లైడ్‌నే నమ్ముకుని ఉంటే ఆమె ఇంకెన్నాళ్లు దగ్గుతూ ఉండేదో!

చిప్ చెప్పలేనిది ఒకటుంది. అది చూసేది డీఎన్ఏని, బ్యాక్టీరియా బతికుందా చచ్చిందా అన్నది దానికి తెలియదు. మందులు బాగా పనిచేస్తున్నా ‘డిటెక్టెడ్’ అనే రావచ్చు. అందుకే చికిత్స మధ్యలో చూడటానికి ఇప్పటికీ మైక్రోస్కోపే వాడతాం. మొదట్లో చిప్ మీద ‘హై’ (బ్యాక్టీరియా ఎక్కువ) అని వచ్చిన ఒక తాత రెండు నెలలకు తెమడ ఇవ్వడానికి వచ్చాడు. నేను స్లైడ్ తీయడం చూసి "కొత్త మెషీన్ పాడైందా అమ్మా?" అని అడిగాడు. పాడవలేదని, చచ్చిన పురుగుని కూడా అది లెక్కేస్తుందని చెప్పాను. స్లైడ్‌కి రంగు వేసి, ఆయిల్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద వంద చోట్ల వెతికాను. టీబీ బ్యాక్టీరియా ఆ రంగులో ఎర్ర పుల్లల్లా కనబడుతుంది. ఒక్క ఎర్ర పుల్ల కూడా కనబడలేదు.