సుత్తి కింద సాగిన వెండి: ఒక చేతిపని కడియంపై సమీక్ష

లోహం కరిగించే మూస దగ్గర నుంచి తుది మెరుగు దాకా అన్ని పనులూ తన బల్ల మీద తానే చేసుకునే ఒక స్వర్ణకారుడి దగ్గర నేను రెండు వెండి నగలు చేయించుకున్నాను. ఒకటి అతుకుపెట్టి మూసిన కడియం, రెండోది వెడల్పాటి ఉంగరం. ఎనిమిది నెలలుగా రెండూ నా ఒంటి మీదే ఉన్నాయి కాబట్టి కొత్త మోజులో రాస్తున్న మాటలు కావివి.

కొలత తీసుకున్న తీరుతోనే ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది. మూసిన కడియానికి మణికట్టు చుట్టుకొలత పనికిరాదు. బొటనవేలిని అరచేతిలోకి ముడిచి, మెటికల దగ్గర చెయ్యి ఎంత ఉంటుందో చూసుకోవాలి, ఎందుకంటే కడియం దాటాల్సింది ఆ చోటునే. ఆయన ఆ కొలతను రెండుసార్లు తీసుకుని, రేకు మందాన్ని కూడా లెక్కలో కలిపి కాగితం మీద రాసుకున్నారు. లోహం గురించి కూడా దాపరికం లేదు. నూటికి 92.5 పాళ్లు వెండి, మిగిలిన 7.5 పాళ్లు రాగి. శుద్ధ వెండి మరీ మెత్తన కనుక రోజూ వాడే కడియానికి నిలవదని, రాగి కలిపేది ఆ బిగువు కోసమేనని వివరించారు. నికెల్ వాడకపోవడం చర్మానికి పడనివారికి పెద్ద ఊరట.

ఒక రోజు ఉదయమంతా పనిబల్ల పక్కన కూర్చోనిచ్చారు. వెండి కడ్డీని దాగలి మీద పెట్టి సాగగొడుతుంటే మొదట మొద్దుగా పలికిన దెబ్బ, కాసేపటికి ఖంగుమనడం మొదలుపెట్టింది. ఆ శబ్దం వినగానే ఆయన సుత్తి పక్కన పెట్టేశారు. దెబ్బలు తిన్నకొద్దీ లోహం బిరుసెక్కుతుందని, ఆ దశలోనూ కొడితే అంచులు చిట్లుతాయని చెప్పి, గదిలో దీపం తగ్గించి మంట పట్టారు. చీకట్లో కడ్డీ మీద మసక ఎరుపు ఒక్కసారి పాకింది. అది ఆరేదాకా ఆగి నీళ్లలో ముంచారు. ఉక్కుపని చూసినవారికి ఇది విడ్డూరంగా తోస్తుంది: ఉక్కును ఎర్రగా కాల్చి ముంచితే గట్టిపడుతుంది, వెండి మెత్తబడుతుంది. కొట్టడం, కాల్చడం, మళ్లీ కొట్టడం, ఇలా నేను చూస్తుండగానే ఏడుసార్లు జరిగింది. వేడికి పట్టిన నల్లటి పొరను పలుచని గంధకామ్లంలో వదిలిస్తారు. అందులోంచి నగను తీయడానికి రాగి పట్టకారే వాడతారు. ఇనుప పట్టకారు తగిలితే ఆ ద్రావణంలో కరిగి ఉన్న రాగి వచ్చి వెండికి పూతలా అంటుకుంటుందట.

చేతిపని నగను తూచి చూడాల్సింది అతుకు దగ్గరే అన్నది నా అభిప్రాయం. పైన సుత్తి గుర్తులు యంత్రంతోనూ అచ్చు వేయవచ్చు, అతుకు మాత్రం దాచినా దాగదు. అతుకు వేయడానికి కరిగించే లోహమైన టంకం సందుల్ని పూడ్చే పదార్థం కాదు. రెండు అంచులూ ఒకదానికొకటి పూర్తిగా ఆనుకుని ఉంటేనే అది సన్నని గీతలా లోపలికి పాకుతుంది. అందుకే ఆయన ఆకురాయితో అంచుల్ని రాసి, దీపానికి ఎదురుగా పట్టి, వెలుతురు గీత మాయమయ్యేదాకా మళ్లీ మళ్లీ రాశారు. తర్వాత టంకం సాఫీగా పారడానికి వెలిగారం పూసి, టంకం ముక్కలు పేర్చి, మంటను అతుకు మీదనే నిలపకుండా కడియం చుట్టూ తిప్పుతూ పోయారు. లోహాలన్నింటిలోకీ వేడిని బాగా ప్రసరింపజేసేది వెండి కాబట్టి మొత్తం నగ ఒకే తీరున కాగితే తప్ప టంకం పారదు. శుద్ధ వెండి 961 డిగ్రీల దగ్గర కరిగితే, ఈ మిశ్రమం 893 డిగ్రీలకే పూర్తిగా ద్రవమైపోతుంది. టంకం పారే క్షణానికీ నగే కూలిపోయే క్షణానికీ మధ్య వ్యవధి చాలా తక్కువ. నా కడియం లోపలివైపు గోటితో ఎన్నిసార్లు వెతికినా ఆ అతుకు ఇప్పటికీ దొరకలేదు. పోతపోసిన నగలు నాసిరకమని నేననను. చిక్కని శిల్పపు పనికి పోతే తగిన పద్ధతి. కానీ సుత్తి దెబ్బలకు బిగుసుకున్న రేకులో ఉండే గట్టిదనం, చేతికి ఆనే నిండుదనం నాకు పోతపనిలో ఇంతవరకు కనిపించలేదు.

ఇక లోపాలు. మూడు వారాలన్న పని ఐదు వారాలు పట్టింది, ఆలస్యమవుతుందన్న కబురు నేను అడిగాకే వచ్చింది. కడియం లోపలివైపు ఏటవాలు వెలుతురులో బూడిదరంగు మచ్చ ఒకటి కనిపిస్తుంది. మంటకు పైపొర కిందనున్న రాగి ఆక్సైడుగా మారడం వల్ల వచ్చే మచ్చ అది. రాసి తీసేస్తానన్నారు కానీ రేకు పలుచబడటం ఇష్టంలేక నేనే వద్దన్నాను. ఉంగరం విషయం మాత్రం అంత తేలిగ్గా తీసుకోలేను. సన్నని కొలత రింగుతో వేలి కొలత తీసుకుని, దాదాపు 8 మిల్లీమీటర్ల వెడల్పున్న ఉంగరం చేశారు. వెడల్పు పెరిగేకొద్దీ ఉంగరం మరింత బిగుతుగా పడుతుంది. సాయంత్రానికి నా వేలు నొక్కుకుపోయి నొప్పి పుట్టింది. కడియం కొలతలో అంత శ్రద్ధ చూపిన మనిషి ఇక్కడ ఎందుకు తొందరపడ్డారో నాకు అర్థం కాలేదు. తీసుకువెళితే ఏ సాకూ చెప్పకుండా కడ్డీకి తొడిగి సాగగొట్టి, చెదిరిన సుత్తి గుర్తులను మళ్లీ వేసి, పది రోజుల్లో ఇచ్చారు. వెడల్పాటి ఉంగరం చేయించుకునేవారు అంతే వెడల్పున్న కొలత రింగు కావాలని గట్టిగా అడగాలి.

రెండు నగలు ఒకే అచ్చులోంచి వచ్చినట్టు ఉండాలనుకునేవారికి, తేదీ ముంచుకొస్తున్నవారికి ఈ పద్ధతి సరిపడదు. రోజూ వేసుకునే ఒక్క నగ కోసం ఓపిక పట్టగలిగినవారికి మాత్రం నిస్సంకోచంగా చెబుతాను.

సంరక్షణ గురించి ఆయన చెప్పిన ఒక్క మాట చాలా ఉపయోగపడింది. నా కడియం మీది గుంటలను కావాలనే నల్లబరిచారు. అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్లతో శుభ్రం చేసే పద్ధతి గాలిలోని గంధకం వల్ల పట్టిన నలుపుతో పాటు ఈ నలుపునూ తీసేస్తుంది కనుక మెత్తని బట్టతో ఎత్తుల్ని మాత్రమే తుడవమన్నారు. అలాగే చేస్తున్నాను. ఎత్తులు అద్దంలా తేలాయి, గుంటలు నల్లగానే ఉన్నాయి. పోయిన వారం చెవికమ్మల జత ఒకటి చెప్పి వచ్చాను. వాటి తీగను కమ్మచ్చులో, అంటే తీగను సన్నగా సాగదీసే రంధ్రాల పలకలో, లాగే రోజున కబురు చేస్తానన్నారు.