మందు మాన్పిస్తానన్న ‘మెంటర్’కి 28 వేలు కట్టా, మీరు కట్టకండి (గుంటూరు, బెజవాడ వాళ్ళకి జాగ్రత్త)

ముందే చెప్తున్నా, ఇది ఒక తాగుబోతు రాస్తున్న పోస్టు. చుక్క ముట్టి పద్నాలుగు నెలలైంది. అయినా ‘మాజీ’ అని రాసుకోను, తాగుడు మానేవాళ్ళ మీటింగులో మావాళ్ళు నవ్వుతారు.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తాని. సీజన్లో తెల్లారేసరికి టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతుంటాయి. కాటా చీటీ మీద అంకె రాయాలంటే చెయ్యి నిలవాలి, చెయ్యి నిలవాలంటే ఒక క్వార్టర్ పడాలి. సాయంత్రానికి ఇంకో రెండు. 2024 అక్టోబరులో వైన్ షాపులు మళ్ళీ ప్రైవేటు వాళ్ళ చేతికొచ్చి 99 రూపాయలకే క్వార్టర్ దొరకడం మొదలయ్యాక లెక్క ఇంకా తప్పింది. దాని మీదకి నెపం నెట్టట్లేదు. రెండొందలైనా తాగేవాణ్ణే.

పోయినేడాది ఒక రాత్రి ఫోన్లో వీడియో వచ్చింది. “90 రోజుల్లో మందుకి గుడ్‌బై, మీ వెంట 24 గంటలూ ఒక మెంటర్.” ఆఫీసు బెజవాడలో. పేరు ఇక్కడ రాయను, కేసు నడుస్తోంది. వెళ్ళా. అద్దాల తలుపు, ఏసీ, గోడకి ఫ్రేము కట్టిన సర్టిఫికెట్లు. ఆ మెంటర్ నా భుజం మీద చెయ్యేసి “నేనూ పన్నెండేళ్ళు తాగా తమ్ముడూ, నీ బాధ నాకు తెలీదా” అన్నాడు. ఆ మాటకే పడిపోయా. అక్కడికక్కడే పదివేలు కట్టా. మిగతా పద్దెనిమిది వేలకి మా ఆవిడ నల్లపూసల గొలుసు తాకట్టులోకి వెళ్ళింది.

మొదటి పాఠం ఏంటంటే, “ఈ క్షణం నుంచి చుక్క ముట్టొద్దు. డాక్టర్ల దగ్గరికి వెళ్తే బిళ్ళలకి బానిసవుతావు. సంకల్పం చాలు.”

ఆ రాత్రి ఒళ్ళంతా చెమటలు. రెండో రోజు అన్నం ముద్ద నోటిదాకా రాలేదు, అంత వణుకు. ఆ రాత్రి గోడ మీద ఎండుమిరపకాయలు పాకడం మొదలెట్టాయి, తొడిమలతో సహా. మా పిల్లాణ్ణి కాటా దగ్గర కుర్రాడనుకుని “ఈ టిక్కీ పక్కన పెట్టరా, తేమ ఉంది” అని అరిచానట. మా ఆవిడ మెంటర్‌కి ఫోన్ చేస్తే “అది ఒంట్లో విషం బయటికి పోవడమమ్మా, మంచిదే, నిమ్మరసం పట్టండి” అన్నాడు. ఆ తర్వాత ‘24 గంటలూ మీ వెంట’ అన్న ఆ ఫోను స్విచాఫ్. తెల్లవారుజామున నాకు ఫిట్సు వచ్చింది. మా బావమరిది ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడి డాక్టరుగారు తర్వాత చెప్పింది నాకర్థమైనంతలో రాస్తా, ఇది మాత్రం వదలకుండా చదవండి. ఏళ్ళ తరబడి రోజూ తాగితే మందు మెదడుని నొక్కి పెడుతుంటుంది. ఆ నొక్కుడుని తట్టుకోడానికి మెదడు తన వేగం పెంచుకుంటుంది. ఉన్నట్టుండి మందు ఆపేస్తే నొక్కేది పోతుంది, వేగం మాత్రం మిగులుతుంది. అందుకే వణుకు, చెమటలు, గుండెదడ. ఫిట్సు ఎక్కువగా ఆపిన మొదటి రెండు రోజుల్లో వస్తాయి. లేనివి కనిపించి మతి తప్పే డెలీరియం సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మొదలవుతుంది. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. అందుకని ఆసుపత్రిలో కొన్ని రోజులు బిళ్ళలిచ్చి, మోతాదు మెల్లగా తగ్గిస్తూ దించుతారు, బీ1 విటమిన్ సూది వేస్తారు. రోజూ తాగేవాడు డాక్టరుతో మాట్లాడకుండా ఒక్కసారిగా ఆపకూడదు. ఆపమన్నది ఎవరని ఆయనడిగితే “మెంటర్ సార్” అన్నా. ఒకసారి నా మొహంలోకి చూసి, మళ్ళీ కేసు షీట్ రాసుకున్నాడు.

మంచానికి చేతులు కట్టేసి ఉన్నప్పుడు కూడా నా ఫోనుకి మెసేజీలు వస్తూనే ఉన్నాయి. “ఈ రోజు మీ 4వ రోజు! మీరు విజేత!” మా ఆవిడ చదివి వినిపిస్తే పక్క బెడ్ పెద్దాయన నవ్వాడు. నాకూ నవ్వొస్తోంది, ఇప్పుడు.

డిశ్చార్జ్ అయ్యాక అసలు వ్యాపారం మొదలైంది. నాకు తెలీకుండా మెంటర్ మా ఆవిడకి ఫోన్ చేశాడు. “ఒక చూర్ణం ఉందమ్మా, 4,500. కూరలో కలిపి పెట్టండి, ఆయనకి తెలియక్కర్లేదు, మందంటేనే అసహ్యం పుడుతుంది.” ఆవిడ కొనలేదు, నాతో చెప్పింది. ఇలాంటి పొట్లాల్లో ఏముందో చీటీ ఉండదు. డైసల్ఫిరామ్ అని ఒక నిజమైన మందుంది, డాక్టర్లు రాస్తారు. కానీ అది రోగికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి ఇచ్చేది. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, గుండెదడ వచ్చి, బీపీ పడిపోతుంది. తెలియక తాగినవాడు చచ్చిపోవచ్చు కూడా. అక్కలూ, అమ్మలూ, మీ బాధ తెలుసు. కానీ కూరలో మాత్రం ఏదీ కలపకండి.

ఆఖరిసారి ఆయన్ని కలిసినప్పుడు ఒక్కటే అడిగా. “అన్నా, పొద్దున్నే మొదటి గ్లాసు ఎలా తాగేవాడివి?” ఆయన “సోడా కలుపుకుని, నిదానంగా, వేరుశెనక్కాయలతో” అన్నాడు. ఇంకేం అడగలేదు. పొద్దున తాగినవాడెవడైనా చెప్తాడు, ఆ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా పళ్ళకి కొట్టుకుంటుంది, మొదటి గుక్క తిరిగి బయటికొస్తుంది, మెడ చుట్టూ తువ్వాలేసి దాంతో చేతిని పైకి లాక్కునేవాళ్ళున్నారు. వేరుశెనక్కాయలంట! ఈ మనిషి జన్మలో తాగుడుకి బానిస కాలేదు. నా బాధ తెలుసన్న ఒక్క మాట మీదే నేను డబ్బు కట్టింది.

తర్వాత ఆసుపత్రిలోనే ఒకాయన ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగు గురించి చెప్పాడు, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే సంఘం. ఒక స్కూలు గది, ప్లాస్టిక్ కుర్చీలు. అక్కడ మెంటర్ని స్పాన్సర్ అంటారు. ఫీజు లేదు, సభ్యత్వ రుసుం లేదు, ఇష్టమైతే హుండీలో పదో పరకో వేస్తారు. నా స్పాన్సర్ ఆర్టీసీలో రిటైరైన పెద్దాయన. మొదటిరోజు నన్నడిగిన మొదటి ప్రశ్న “డాక్టరు రాసిన బిళ్ళలు వేసుకుంటున్నావా?” ఇప్పటిదాకా ఆయన నా దగ్గర తీసుకుంది ఒక టీ.

ఊరికే ఎవరు చేస్తారని నాకూ అనుమానమే. అడిగితే కథ చెప్పాడు. 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్ళో బిల్ అనే స్టాక్ వ్యాపారి, పని మీద వచ్చి, పని చెడి, తాగాలనిపించి గిలగిల్లాడాడు. ఇంకో తాగుబోతుతో మాట్లాడితేనే తను ఆ పూట గట్టెక్కుతానని వెతుక్కుంటూ వెళ్ళి డాక్టర్ బాబ్ అనే సర్జన్‌ని పట్టుకున్నాడు. ఏఏ అలా పుట్టింది. “నీతో మాట్లాడేది నీ కోసం కాదురా, నేను తాగకుండా ఉండటానికి” అన్నాడు మా పెద్దాయన. ఆడవాళ్ళకి ఆడవాళ్ళే స్పాన్సర్. ఇంట్లోవాళ్ళకి అల్-అనాన్ అని వేరే మీటింగులుంటాయి. ఏఏ మీటింగుల్లో దేవుడి ప్రస్తావన ఎక్కువ, మొదట్లో నాకు చిరాకేసింది. అందరికీ పడకపోవచ్చు.

డబ్బు తీసుకునేవాళ్ళంతా దొంగలని అనట్లేదు. క్లినికల్ సైకాలజిస్టు ఫీజు తీసుకుంటాడు, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే చూపిస్తాడు. డీ-అడిక్షన్ సెంటరైతే 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ కాగితం అడగండి. మావాడు ఫ్రేము కట్టిన సర్టిఫికెట్లలో ఒక్కదాని మీదా నంబరు లేదు. నేనే చూసుకోలేదు. ఎవరికైనా అర్జంటైతే 14446 మత్తు విముక్తి హెల్ప్‌లైన్, 14416 టెలీ మానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్), రెండూ ఉచితమే. వణుకు, ఫిట్సు, మతిలేని మాటలుంటే ఫోన్లు కాదు, 108 పిలిచి ఆసుపత్రికే.

డబ్బు తిరిగిమ్మంటే రసీదు వెనకాల చిన్న అక్షరాల్లో ‘నాన్ రిఫండబుల్’ అని చూపించాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశా, అక్కణ్ణించి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళా. కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు, రెండేళ్ళలోగా వెయ్యాలి. గొలుసు మాత్రం మొన్న సంక్రాంతికి విడిపించా.

“మీరు విజేత” మెసేజీ మీకూ వచ్చి ఉంటే డిలీట్ చెయ్యకండి. స్క్రీన్‌షాట్, డబ్బు పంపిన రసీదు దాచిపెట్టి నాకు మెసేజ్ పెట్టండి. మా వకీలు అలాంటివి ఇంకో నాలుగు కావాలంటున్నాడు.