మా కుళాయి నీళ్ళ పుట్టిల్లు, కట్సే

జొహానెస్‌బర్గ్‌లో మేం తాగే నీళ్ళలో పెద్ద భాగం పక్క దేశమైన లెసోతో కొండల్లోంచి వస్తుంది. శ్రీశైలం వెనుక జలాల ఒడ్డున పెరిగినవాణ్ణి. ఆ నీళ్ళు ఆగి వచ్చే కట్సే డ్యామ్‌ని కళ్ళారా చూడాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. ఏప్రిల్‌లో ఒక శనివారం నేను, మా ఆవిడ, పదేళ్ళ అమ్మాయి కారులో బయల్దేరాం.

బెత్లెహెమ్ ఊరి దాకా దక్షిణాఫ్రికాలోని ఫ్రీ స్టేట్ రాష్ట్రం అంతా చదునే. మొక్కజొన్న చేలు, దారికి రెండు పక్కలా గులాబీ, తెలుపు రంగుల కాస్మోస్ పూలు. గుంతలు మాత్రం ఉన్నట్టుండి ఎదురవుతాయి, చీకట్లో ఈ దారి వద్దు. ఫిక్స్‌బర్గ్ వంతెన దాటితే మపుత్సో, అదే లెసోతో. శనివారం జనం ఎక్కువ, గంట పైనే నిలబడ్డాం. అద్దె కారైతే సరిహద్దు దాటడానికి కారిచ్చినవాళ్ళ అనుమతి పత్రం ఉండాలి. మనవాళ్ళైతే లెసోతో వీసాతో పాటు, తిరిగి దక్షిణాఫ్రికాలోకి రానిచ్చే వీసా కూడా ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి.

లెరిబె దాటాక ఒక ఇంటి ముందు గడకు తెల్లజెండా కనిపించింది. ఆ ఇంట్లో జొన్న కల్లు దొరుకుతుందని గుర్తట. పక్క కొట్టులో 'పాపా', 'మొరోహో' తిన్నాం. మొక్కజొన్న పిండి సంకటి, సన్నగా తరిగి మగ్గబెట్టిన ఆకుకూర. ఈ ప్రయాణంలో అంత తృప్తిగా తిన్న భోజనం ఇంకొకటి లేదు. వడ్డించినామె నన్ను 'న్తాతే' అంది, అంటే తండ్రి. మా ఆవిడని 'మ్మే', అంటే అమ్మ. రాయలసీమలో "నాయనా" అని పిలిపించుకున్నట్టే ఉంది.

ఆ తర్వాత మఫీకా లిసియూ కనుమ. 3090 మీటర్ల ఎత్తు. తారురోడ్డు బాగుంది, కానీ మలుపులకు అమ్మాయికి రెండుసార్లు వాంతైంది. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకండి, గేరు తగ్గించండి. పైన బొకాంగ్ అభయారణ్యంలో అరగంటే ఆగాం, అది తప్పు. కంబళ్ళు కప్పుకున్న గొర్రెల కాపరులు, కింద లోయలోకి దూకే జలపాతం, చెవులు హోరెత్తించే గాలి. అక్కడ ఒక పూటైనా ఉండాల్సింది.

సాయంత్రానికి కట్సే. మాలిబామాత్సో నదికి అడ్డంగా 185 మీటర్ల ఎత్తున, విల్లులా వంగిన కాంక్రీటు గోడ. మన శ్రీశైలం 145 మీటర్లే. కట్సేలో దాదాపు 69 టీఎంసీల నీళ్ళు పడతాయి. నీళ్ళు కొండల కింద 45 కిలోమీటర్ల సొరంగంలో మువేలా విద్యుత్ కేంద్రానికి చేరి, ఇంకో సొరంగం గుండా దక్షిణాఫ్రికాలోకి వెళ్ళి, చివరికి మా ఊరికి నీళ్ళిచ్చే వాల్ డ్యామ్‌లో కలుస్తాయి. 1986లో రెండు దేశాలూ చేసుకున్న ఒప్పందం ఇది. మర్నాడు గైడ్ గోడ లోపలి గ్యాలరీలోకి తీసుకెళ్ళాడు. చలి, సన్నటి చెమ్మ, గోడ అవతల అంత నీళ్ళున్నాయన్న స్పృహ. ఈ సందర్శన మాత్రం వదలొద్దు.

ముంపు గురించి అడిగాను. పొలాలు పోయినవాళ్ళకు ఏటా ధాన్యం గానీ డబ్బు గానీ ఇస్తారని చెప్పాడు. లోయలో ఉన్న మంచి నేలంతా అడుక్కి పోయిందన్నాడు. మా అమ్మ పుట్టిన ఊరు శ్రీశైలం దగ్గర కృష్ణ నీళ్ళలో మునిగిపోయింది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే మొండిగోడల్ని చూడ్డానికి వెళ్ళేవాళ్ళం. అతనితో ఆ మాట చెప్పాను. ఇద్దరం కాసేపు నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాం. పైన గట్టు మీద ఇద్దరు ఆడవాళ్ళు బకెట్లు తల మీద పెట్టుకుని నీళ్ళు మోసుకెళ్తున్నారు. కింద అంత జలాశయం. నాకు గొంతు పట్టేసింది.

బస కట్సే గ్రామంలోనే. గది సాదా, నీళ్ళ వైపు చూపు గొప్పది. రాత్రి చలికి రెండు దుప్పట్లు చాల్లేదు, ఉన్ని బట్టలు తెచ్చుకోండి. దగ్గరి తోటలో సుడి తిరిగిన ఆకుల అలో (కలబంద జాతి) మొక్క చూడండి, అది లెసోతో కొండల్లోనే పుడుతుంది.

దక్షిణాఫ్రికా రాండ్లు లెసోతోలో అంతటా తీసుకుంటారు, రాండుకీ లెసోతో డబ్బు మాలోటీకీ విలువ ఒకటే. చిల్లర మాత్రం మాలోటీల్లో ఇస్తారు, అవి ఇవతల దక్షిణాఫ్రికాలో చెల్లవు. మిగిలినవన్నీ మపుత్సోలో పెట్రోలుకు ఇచ్చేసి వంతెన ఎక్కాం.