ఆల్‌టైమ్ యాంకీసా, ఆల్‌టైమ్ జెయింట్సా: సిమ్యులేషన్‌లో ఏది మేలు?

స్ట్రాట్-ఓ-మాటిక్, ఔట్ ఆఫ్ ది పార్క్ లాంటి బేస్‌బాల్ సిమ్యులేషన్ గేముల్లో, అంటే నిజం ఆటగాళ్ళ అంకెలతో మ్యాచ్ ఆడించే గేముల్లో, ఒక ఫ్రాంచైజీ (క్లబ్బు) చరిత్ర మొత్తంలోంచి జట్టు కట్టమంటే చాలామంది కళ్ళు మూసుకుని న్యూయార్క్ యాంకీస్ అనేస్తారు. రూత్, గెరిగ్, డిమాజియో, మాంటిల్, బెరా... పేర్లు వింటేనే అవతలి జట్టుకి టెన్షన్. నేను మాత్రం జెయింట్స్ వైపు. న్యూయార్క్‌లో ఆడినవాళ్ళూ, 1958లో శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళాక వచ్చినవాళ్ళూ కలిపి. న్యూజెర్సీలో ఉన్న మన యాంకీస్ అభిమానులు తిట్టుకునే ముందు కాస్త వినండి.

ముందు రూల్ ఏంటో చూడాలి. కెరీర్ సగటు తీసుకునే గేమ్ అయితే యాంకీస్ పై చేయి, అందులో వాదన లేదు. ఒక్కో ఆటగాడి బెస్ట్ సీజన్ ఎంచుకోనిచ్చే గేమ్ అయితే మాత్రం లెక్క మారిపోతుంది, ఎందుకంటే 2004 బ్యారీ బాండ్స్ మీ చేతిలో ఉంటాడు. ఆ ఏడాది అతని ఆన్-బేస్ (బ్యాటింగ్‌కి వచ్చినప్పుడు ఔట్ కాకుండా బేస్ చేరిన నిష్పత్తి) .609, వాక్స్ (నాలుగు చెడ్డ బంతులకి ఉచితంగా దొరికే ఫస్ట్ బేస్) 232, వాటిలో 120 అవతలివాళ్ళు భయపడి కావాలని ఇచ్చినవే. 1923 రూత్ కూడా .545 దగ్గరే ఆగాడు. స్టెరాయిడ్ల గొడవ నాకూ తెలుసు, కానీ సాఫ్ట్‌వేర్ అంకెలే చూస్తుంది. బాండ్స్‌కి వాక్ ఇచ్చేద్దామా అంటే తర్వాత వచ్చేది విల్లీ మేస్!

యాంకీస్ పేర్లలో చిక్కేంటంటే సగం మంది ఒకే కుర్చీ కోసం కొట్టుకుంటారు. డిమాజియో, మాంటిల్ ఇద్దరూ సెంటర్ ఫీల్డే, బెరా, డికీ ఇద్దరూ క్యాచర్లే. మాంటిల్‌ని లెఫ్ట్‌లోకి జరిపితే ఫీల్డింగ్ రేటింగ్ తగ్గించే గేములున్నాయి. జెయింట్స్‌లో బాండ్స్ లెఫ్ట్, మేస్ సెంటర్, మెల్ ఆట్ రైట్, ఎవరి చోట వాళ్ళే. థర్డ్ బేస్ బలహీనం కదా అంటారా, దానికో ట్రిక్ ఉంది. ఆట్ 1938లో ఎక్కువగా థర్డ్ బేస్‌లోనే ఆడి 36 హోమ్ రన్లతో లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. ఆ సీజన్ తీసుకుని అతన్ని అక్కడ పెట్టి, రైట్‌లో బ్యారీ నాన్న బాబీ బాండ్స్‌ని దింపండి, 1973లో 39 హోమ్ రన్లు, 43 స్టీల్స్ (పరుగెత్తి దొంగిలించిన బేస్‌లు).

అయితే పార్క్ సర్దుబాటు, అంటే గ్రౌండ్ సైజును బట్టి అంకెలు సవరించే సెట్టింగ్, ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఆట్ కొట్టిన 511 హోమ్ రన్లలో 323 సొంత గ్రౌండ్‌లోవే, జెయింట్స్ పాత స్టేడియం పోలో గ్రౌండ్స్‌లో రైట్ ఫీల్డ్ గోడ 258 అడుగుల దూరమే మరి. డిమాజియోది తలకిందుల కథ, 361లో ఇంట్లో కొట్టింది 148 మాత్రమే. అంటే సర్దుబాటు ఉంటే ఆట్ తగ్గుతాడు, డిమాజియో పెరుగుతాడు. కాలం లెక్క కూడా అంతే: 1930లో జెయింట్స్ బిల్ టెర్రీ .401 బ్యాటింగ్ సగటుతో కొట్టాడు సరే, ఆ ఏడాది లీగ్ సగటే .303. కాలానికి తగ్గట్టు సర్దే గేమ్ అయితే ఫస్ట్ బేస్‌లో టెర్రీ బదులు 1969 మెకోవీ మేలు.

షార్ట్‌స్టాప్‌లో యాంకీస్ ఆటగాడు జీటర్‌దే గెలుపు, ముందుకెళ్దాం.

పిచింగ్‌లో నాకూ కొంచెం భయమే. యాంకీస్ పిచర్లు ఫోర్డ్, గోమెజ్, గిడ్రీ ముగ్గురూ ఎడమచేతివాళ్ళు, మన బ్యారీ, ఆట్, మెకోవీ కూడా ఎడమచేతి బ్యాటర్లే. ఎడమచేతి పిచర్ ముందు ఎడమచేతి బ్యాటర్ సాధారణంగా తడబడతాడు, కాబట్టి వాళ్ళ జోరు తగ్గుతుంది. అందుకే మేస్, బాబీ బాండ్స్, కెంట్, పోసీ లాంటి కుడిచేతివాళ్ళు మధ్యమధ్యలో ఉండాలి. రూత్, గెరిగ్, బెరాలది కూడా ఎడమచేతి బ్యాటింగే కాబట్టి వాళ్ళ మీదకి మన ఎడమచేతి పిచర్ హబ్బెల్‌ని వదలొచ్చు. 1934 ఆల్‌స్టార్ మ్యాచ్‌లో రూత్, గెరిగ్‌లతో మొదలుపెట్టి వరసగా ఐదుగురిని స్ట్రైకౌట్ చేసినవాడు. పైగా ఏడు మ్యాచ్‌ల సిరీస్ అంటే మన పిచర్ మ్యాథ్యూసన్ ఉన్నాడు, 1905 వరల్డ్ సిరీస్‌లో మూడు మ్యాచ్‌లు వేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు.

162 మ్యాచ్‌ల లీగ్ అయితే మాత్రం బుల్‌పెన్ (తర్వాత దిగే పిచర్ల బృందం) దగ్గర దెబ్బతింటాం. 652 సేవ్‌ల (ఆధిక్యం కాపాడి ముగించిన మ్యాచ్‌ల) యాంకీస్ రివేరాకి జెయింట్స్‌లో జోడీ లేదు. దానికి తోడు కెరీర్ సగటు రూల్ అంటే నేనూ యాంకీసే తీసుకుంటాను. అప్పుడు కూడా లెఫ్ట్ ఫీల్డ్‌లో మాంటిల్ వద్దు, పెద్దగా ఎవరికీ గుర్తులేని చార్లీ కెల్లర్‌ని పెట్టండి, కెరీర్ ఆన్-బేస్ .410 ఉన్నవాడు. మాంటిల్‌ని డీహెచ్‌గా (ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే చేసేవాడిగా) దింపితే సరిపోతుంది.