మూర్ఛకు జీన్ థెరపీ: ఒక్కసారి ఇచ్చేది మేలా, ఆపుకోగలిగేది మేలా?

జీన్ థెరపీ (కణాల్లోకి జన్యువును పంపి చేసే చికిత్స) గురించి ఎవరు మాట్లాడినా ముందు చెప్పే గొప్ప ఒకటే: ఒక్కసారి ఇస్తే చాలు, మళ్లీ అక్కర్లేదు. పూటపూటకీ మాత్రలు మింగుతూ, ఒక పూట మరిచిపోతే ఫిట్స్ వస్తాయేమోనని టెన్షన్ పడే ఇంట్లో ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో చెప్పక్కర్లేదు. నాకు మాత్రం ఆ మాట దగ్గరే కాస్త భయం. మళ్లీ ఇవ్వక్కర్లేదంటే, ఇచ్చాక వెనక్కి తీసుకోలేమని కూడా అర్థం కదా.

ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. వాళ్లలో మూడో వంతు మందికి మాత్రలతో ఫిట్స్ అదుపులోకి రావు. సరిగ్గా ఎంచుకున్న రెండు మందులు వాడినా ఆగకపోతే, మూడోదో నాలుగోదో ఆపుతుందన్న ఆశ చాలా తక్కువ. జీన్ థెరపీ ప్రయత్నాలు ముఖ్యంగా వీళ్ల కోసమే. అయితే వీళ్లలోనూ రెండు రకాల వాళ్లున్నారు. కొందరికి పుట్టుకతోనే ఒక జన్యువు చెడి ఉంటుంది. ఇంకొందరికి మెదడులో ఒక మూల, ఎక్కువగా చెవి వైపు ఉండే టెంపోరల్ లోబ్ అనే భాగంలో, దెబ్బతిన్న చోటు నుంచి ఫిట్స్ మొదలవుతాయి. ఈ రెండో రకంలో చాలాసార్లు బాగుచేయడానికి చెడిన జన్యువంటూ ఉండదు. అక్కడ జన్యువునే మందులా వాడతారు. ఈ రెండింటికీ ఒకే జవాబు చెప్పబోతే తప్పులో కాలేసినట్టే.

మొదటి రకానికి మంచి ఉదాహరణ డ్రావే సిండ్రోమ్. షార్లెట్ డ్రావే అనే ఫ్రెంచ్ వైద్యురాలు 1978లో దీన్ని గుర్తించి వివరించారు. చాలా కేసులకు కారణం ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువని 2001లో తెలిసింది. ఏడాది నిండకముందే, తరచుగా జ్వరంతో, ఫిట్స్ మొదలవుతాయి. మనకు దాదాపు ప్రతి జన్యువుకీ రెండు ప్రతులుంటాయి. ఈ పిల్లల్లో ఎస్‌సీఎన్1ఏ ప్రతుల్లో ఒకటి పనిచేయదు. దాంతో సోడియం చానల్ ప్రోటీన్, అంటే నాడీకణంలోకి సోడియాన్ని రానిచ్చి సంకేతం పుట్టించే ద్వారం, సగమే తయారవుతుంది. ఆ చానల్ మీద ఎక్కువగా ఆధారపడేది మెదడులో బ్రేకులు వేసే నాడీకణాలు. అవి నీరసిస్తే మిగతా కణాలకు అడ్డూ అదుపూ ఉండదు. సోడియం చానల్‌ను అణిచే కార్బమజెపిన్ లాంటి మామూలు ఫిట్స్ మందు ఈ పిల్లల్లో జబ్బును ఇంకా ముదరబెట్టడానికి కారణం అదే.

మంచి జన్యువును పంపేస్తే సరిపోదా అనిపిస్తుంది. పంపడానికి వాడే ఏఏవీ అనే, తనంతట తాను జబ్బు తెప్పించని వైరస్‌లో సుమారు 4,700 అక్షరాల డీఎన్‌ఏ పడుతుంది. ఎస్‌సీఎన్1ఏలో ప్రోటీన్‌కు కావలసిన భాగమే దాదాపు 6,000 అక్షరాలు. సరుకు పెద్దది, సంచి చిన్నది. అందుకని ఈటీఎక్స్101 అనే ప్రయోగాత్మక చికిత్సలో ఆ జన్యువునే పంపరు. పిల్లల్లో ఉన్న మంచి ప్రతి చేత ఎక్కువ పని చేయించే చిన్న నియంత్రక ప్రోటీన్ జన్యువును పంపుతారు. అది బ్రేకు కణాల్లోనే పనిచేసేలా కట్టుదిట్టం చేశారు. మెదడు లోపలి ద్రవపు గదుల్లోకి ఒక్కసారి ఇస్తారు. మనుషుల్లో పరీక్ష 2024లో మొదలైంది.

దీనికి పోటీ జొరెవునర్సెన్. ఇది వైరస్ కాదు, యాంటీసెన్స్ అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ తరహా ముక్క. కచ్చితంగా చెప్పాలంటే దీన్ని జీన్ థెరపీ అనకూడదేమో గానీ, గురి మాత్రం అదే మంచి ప్రతి మీద. ప్రోటీన్ తయారుచేయమని ఆ ప్రతి నుంచి వచ్చే సందేశాల్లో కొన్ని, మధ్యలో ఒక పనికిరాని ముక్క చేరడం వల్ల చెత్తబుట్ట పాలవుతుంటాయి. ఆ ముక్క చేరకుండా ఇది అడ్డుపడుతుంది, దాంతో ప్రోటీన్ పెరుగుతుంది. మూడో దశ పరీక్షల దాకా వచ్చింది. చిక్కల్లా కొన్ని నెలలకోసారి వెన్నులోకి ఇంజెక్షన్ వేయించుకోవాలి. ఫిట్స్‌తో పాటు నడకలో, ప్రవర్తనలో ఇబ్బంది ఉన్న పిల్లాడిని ప్రతిసారీ అలా పడుకోబెట్టడం ఎంత కష్టమో తల్లిదండ్రులకే తెలుసు.

అయినా నా ఓటు ప్రస్తుతానికి యాంటీసెన్స్‌కే. మోతాదు ఎక్కువైందనిపిస్తే తర్వాతి ఇంజెక్షన్ ఆపేయొచ్చు, ఇచ్చింది నెమ్మదిగా అరిగిపోతుంది. ఏఏవీతో అలా కుదరదు. పైగా ఒకసారి ఏఏవీ ఇస్తే శరీరం దాని మీద యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. పదేళ్ల తర్వాత అదే వైరస్‌తో ఇంతకన్నా మంచి చికిత్స వచ్చినా, ఆ పిల్లాడికి ఆ తలుపు దాదాపు మూసుకుపోయినట్టే. యాంటీసెన్స్ వాడుతున్న పిల్లాడికి ఆ తలుపు తెరిచే ఉంటుంది. ఎస్‌టీఎక్స్‌బీపీ1 అనే ఇంకో జన్యువు చెడి వచ్చే మూర్ఛకు తయారుచేసిన ఏఏవీ చికిత్సలో, 2025లో మొట్టమొదట డోసు అందుకున్న చిన్నారి చనిపోయింది. ఆ వైరస్ రకం వేరు, రక్తనాళంలోకి ఇచ్చారు, కాబట్టి దాన్ని తెచ్చి ఈటీఎక్స్101కి అంటగట్టడం న్యాయం కాదు. కానీ వెనక్కి తీసుకోలేకపోవడం అంటే ఏమిటో ఆ వార్త చూశాక మళ్లీ వివరించక్కర్లేదు.

యాంటీసెన్స్‌లో ప్రమాదమే లేదనుకోకండి. కేసీఎన్‌టీ1 జన్యువు అతిగా పనిచేసే పిల్లలకు విడిగా తయారుచేసిచ్చిన అలాంటి మందుతో, మెదడులో నీరు చేరే హైడ్రోసెఫలస్ వచ్చింది.

ఇక ఒక మూల నుంచి మొదలయ్యే మూర్ఛ. ఇక్కడ జీన్ థెరపీ పోటీపడాల్సింది మాత్రలతో కాదు, కత్తితో. 2001లో వచ్చిన ఒక ప్రసిద్ధ పరీక్షలో, టెంపోరల్ లోబ్ ఆపరేషన్‌కు కేటాయించిన వాళ్లలో 58 శాతం మంది ఏడాది తర్వాత స్పృహ తప్పే ఫిట్స్ లేకుండా ఉన్నారు. మందులతోనే ఉన్నవాళ్లలో 8 శాతం. ఇంత బాగా పనిచేసేది ఉండగా వైరస్ ఎందుకంటే, ఫిట్స్ పుట్టే చోటు మాటకో, చేతి కదలికకో, జ్ఞాపకానికో పక్కనే ఉంటే కోసి తీసేయలేరు.

ఇందులో పాత దారి, ఎప్పుడూ పనిచేసే బ్రేకు పెట్టడం. లండన్ యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 2012లో ఎలుకల మెదడులోకి, కణాన్ని శాంతపరిచే పొటాషియం చానల్ జన్యువు అదనంగా పంపి ఫిట్స్ తగ్గించారు. న్యూరోపెప్టైడ్ వై అనే సహజ శాంతిదూతను పెంచే ప్రయత్నాలూ ఈ కోవవే. మనుషుల దాకా వచ్చిన ఏఎంటీ-260 బ్రేకు పెట్టదు, యాక్సిలరేటర్‌ను వదులు చేస్తుంది. గ్రిక్2 జన్యువును అణిచి, నాడీకణాలను ఉసిగొల్పే ఒక గ్రాహకాన్ని (రసాయన సంకేతాన్ని అందుకునే ప్రోటీన్‌ను) తగ్గిస్తుంది. 2024లో మొదటి రోగికి ఇచ్చారు.

నాకు నచ్చింది ఇంకో దారి. నెలకు కొన్ని నిమిషాలు వచ్చే ఫిట్స్ కోసం మిగతా గంటలన్నీ ఆ కణాల నోరు నొక్కడం ఎందుకు? అదే యూనివర్సిటీ బృందం 2022లో, అతిగా రేగిన కణాల్లోనే మేలుకునే సీ-ఫాస్ అనే స్విచ్‌కు ఆ పొటాషియం చానల్ జన్యువును తగిలించింది. ఎలుకల్లో ఫిట్స్ తగ్గాయి, మామూలు ప్రవర్తన చెడలేదు. ఫిట్ వచ్చాక ప్రోటీన్ తయారుకావడానికి గంటలు పడుతుంది కదా, ఇల్లు కాలాక బావి తవ్వినట్టు కాదా అంటే, నిజమే. ఈ ఫిట్‌ను అది ఆపదు, తర్వాత రాబోయేదాన్ని ఆపుతుంది. ఇదే దారిలో ఇంకో ప్రయత్నం, నాడీకణాలను ఉసిగొల్పే గ్లుటమేట్ అనే రసాయనం చుట్టూ పేరుకోగానే అప్పటికప్పుడు తెరుచుకుని కణాన్ని అణిచే క్లోరైడ్ చానల్‌ను పంపడం. దానికి ఈ ఆలస్యం లేదు.

మాత్ర వేసుకుంటేనే పనిచేసే గ్రాహకాన్ని పంపే పద్ధతి, అంటే కీమోజెనెటిక్స్, కాగితం మీద అన్నిటికన్నా అందంగా ఉంటుంది. స్విచ్ రోగి చేతిలోనే ఉంటుంది. అయితే మొదట్లో వాడిన పదార్థం శరీరంలో క్లోజపిన్‌గా మారుతుందని తేలింది. మోతాదు పెరిగితే ఫిట్స్ తెప్పించే మందు అది! అందుకే ఇప్పుడు వేరే మాత్రలు చూస్తున్నారు. కాంతితో నడిపే ఆప్టోజెనెటిక్స్‌కు మెదడులో కాంతి తీగ శాశ్వతంగా ఉండాలి. ప్రయోగశాలకు బాగుంది, మనిషికి వద్దు.

వెనక్కి తీసుకోలేమన్న భయం ఈ రెండో రకంలో నాకు అంత లేదు. వైరస్ పోసేది చిన్న చోట. తేడా వస్తే, ఆ చోటు తీసేయదగినదైతే, సర్జన్ దగ్గరికి వెళ్లే దారి ఉంటుంది. కాబట్టి కొత్త చికిత్సలను ముందుగా ఆపరేషన్‌కు ఎలాగూ అర్హులైన వాళ్లలో చూడటం నాకు సబబనిపిస్తుంది. డ్రావే పిల్లాడి మెదడంతా పరుచుకున్న వైరస్‌కు అలాంటి దారి లేదు.